గందరగోళానికీ ఒక రూపముందని చూపిన మేరీ

లెక్కల్లో ‘గందరగోళం’ అని ఒక శాఖ ఉందంటే, ఆ సంగతి మాకు ఎనిమిదో క్లాసులోనే తెలుసులెండి అని నవ్వేస్తారేమో! నవ్వకండి, నిజంగానే ఉంది. ఇంగ్లీషులో కేయాస్ అంటారు. నెల తర్వాత ఫలానా రోజున వాన పడుతుందో లేదో ఇవాళే ఎందుకు కచ్చితంగా చెప్పలేరని అడిగితే, శాస్త్రవేత్తలు ఈ శాఖ వైపే వేలు చూపిస్తారు. ఈ గందరగోళం యంత్రంలో లోపం వల్ల వచ్చింది కాదు, దాన్ని నడిపించే సూత్రంలోనే ఉంది, పైగా దానికో ఆకారం కూడా ఉంది అని లెక్కకట్టి చూపించిన తొలి కొద్దిమందిలో ఒక మహిళ ఉన్నారు. ఆవిడే డేమ్ మేరీ లూసీ కార్ట్‌రైట్.

నేనూ బి.ఎస్సీ.లో లెక్కలు చదివినదాన్నే. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అని ఒక పేపరుండేది. పుస్తకం వెనకాల ప్రతి లెక్కకీ జవాబుండేది. ఆ జవాబు మనకు రాకపోతే తప్పు మనదే! అసలు జవాబు అలా చక్కగా ఒక్క లైనులో రాని లెక్కలు కూడా ఉంటాయనీ, ఆ రాకపోవడంలోనే అసలు విషయం దాగి ఉంటుందనీ మాకెవరూ చెప్పలేదు. మేరీ జీవితం చదివాకే నాకది అర్థమైంది. అందుకే ఆవిడ కథ మీతో పంచుకోవాలనిపించింది.

చరిత్ర ఇష్టం... చేరింది లెక్కల్లో

మేరీ 1900 డిసెంబరు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో, ఎయిన్హో అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి ఆ ఊరి చర్చికి గురువు. ఇద్దరన్నలు, ఆమె తర్వాత ఒక చెల్లి, ఒక తమ్ముడు. పదకొండేళ్ళకే చదువు కోసం ఇల్లు వదలాల్సి వచ్చింది. స్కూల్లో ఆమెకు ప్రాణమంతా చరిత్ర మీదే. కానీ చరిత్రంటే తేదీలూ, పేర్లూ చాంతాడంత జాబితాలు బట్టీ పట్టాలి కదా! లెక్కల్లో ఆ బాధ లేదు, ఆలోచిస్తే చాలు. సాలిస్‌బరీలోని గొడోల్ఫిన్ స్కూల్లో చివరి ఏడాది చదువుతుండగా దొరికిన ప్రోత్సాహంతో అటువైపు మొగ్గారు.

ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం ఆ ఇంటి మీద పిడుగులా పడింది. ఇద్దరన్నలూ ఆ యుద్ధంలోనే పోయారు. ఎదిగిన కొడుకులిద్దరినీ పోగొట్టుకున్న ఇంట్లోంచి, 1919లో మేరీ ఆక్స్‌ఫర్డులోని సెయింట్ హ్యూస్ కాలేజీకి బయలుదేరారు.

అప్పుడు ఆక్స్‌ఫర్డు మొత్తం మీద లెక్కలు చదివే ఆడపిల్లలు ఐదుగురంటే ఐదుగురే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళతో క్లాసులు కిటకిటలాడేవి. లోపలికి వెళ్ళే చోటే దొరక్కపోతే, వెళ్ళగలిగినవాళ్ళ నోట్సు తెచ్చుకుని ఎక్కించుకోవడమే గతి. అలా చదివితే 1921 పరీక్షల్లో సెకండ్ క్లాసు వచ్చింది. మేరీ మనసు చివుక్కుమంది. లెక్కలు మానేసి మళ్ళీ చరిత్రకే వెళ్ళిపోదామా అని కూడా ఆలోచించారు.

వెళ్ళలేదు. మరింత గట్టి పుస్తకాలు పట్టుకున్నారు. ప్రొఫెసర్ హార్డీ సాయంత్రాలు నడిపే క్లాసులకు వెళ్ళడం మొదలుపెట్టారు. హార్డీ అంటే మనకు పరాయివారేం కాదు. మన శ్రీనివాస రామానుజన్ రాసిన ఉత్తరం చూసి, ఆయన్ని 1914లో కేంబ్రిడ్జికి పిలిపించుకున్న హార్డీయే ఈయన. 1919 చివర్లో ఆక్స్‌ఫర్డుకు మారారు. ఆయన దగ్గర మేరీకి లెక్కల రుచి తెలిసింది. 1923లో ఫస్ట్ క్లాసులో పాసయ్యారు.

ఆ తర్వాత నాలుగేళ్ళు స్కూళ్ళలో టీచరుగా పనిచేశారు. ఉద్యోగం వచ్చింది, ఇక చాల్లే అనుకోలేదు. 1928లో మళ్ళీ ఆక్స్‌ఫర్డుకు వెళ్ళి హార్డీ దగ్గర పరిశోధనకు కూర్చున్నారు. ఆ పరిశోధనకు పరీక్షకుడిగా వచ్చినవారు కేంబ్రిడ్జి ప్రొఫెసర్ లిటిల్‌వుడ్. హార్డీకి జీవితకాలపు సహచరుడు, చాలా పెద్ద పేరున్న గణితవేత్త. ఆ రోజు పరీక్ష పెట్టినాయనే, తర్వాత ఏళ్ళ తరబడి తనతో కలిసి పనిచేస్తారని మేరీ ఊహించి ఉండరు.

డిగ్రీ ఇవ్వని చోట పాఠాలు

1930లో మేరీ కేంబ్రిడ్జిలోని గర్టన్ కాలేజీకి ఫెలోషిప్పు మీద వెళ్ళారు. గర్టన్ 1869లో ఆడపిల్లల కోసమే పుట్టిన కాలేజీ. లిటిల్‌వుడ్ క్లాసులో చెప్పిన, అప్పటిదాకా తేలని ఒక లెక్కను మేరీ తేల్చేశారు. దానికి కార్ట్‌రైట్ సిద్ధాంతం అనే పేరే స్థిరపడింది. 1935లో యూనివర్సిటీలో లెక్చరరు అయ్యారు.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పాలి. కేంబ్రిడ్జి యూనివర్సిటీ అప్పటికి ఆడవాళ్ళకు పూర్తి డిగ్రీలు ఇచ్చేది కాదు! పరీక్షలు రాయనిచ్చేవారు, పాసైనట్టు చెప్పేవారు, మగపిల్లలతో సమానంగా డిగ్రీ మాత్రం ఇవ్వరు. ఆ హక్కు 1948లో గానీ రాలేదు. అంటే మేరీ పదమూడేళ్ళపాటు, తనలాంటి ఆడపిల్లకు డిగ్రీ ఇవ్వని యూనివర్సిటీలో పాఠాలు చెప్పారన్నమాట.

రేడియో వాళ్ళ కబురు

1938 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వపు రేడియో పరిశోధన సంఘం నుంచి లండన్ గణిత సంఘానికి ఒక పత్రం వచ్చింది. రేడియో ఇంజనీరింగులో కొన్ని సమీకరణాలు మాకు కొరకరాని కొయ్యలుగా ఉన్నాయి, గణితవేత్తలు ఎవరైనా సాయం చేయగలరా అన్నది దాని సారాంశం. యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న రోజులవి. శత్రు విమానాలను దూరం నుంచే పసిగట్టే రాడార్ యంత్రాలు రహస్యంగా తయారవుతున్నాయి. వాటిలోని ఆంప్లిఫయర్లు కొంత శక్తి దాకా బుద్ధిగా పనిచేసేవి, శక్తి పెంచితే ఇష్టమొచ్చినట్టు ప్రవర్తించేవి. వాడేవాళ్ళు తయారుచేసినవాళ్ళను తిట్టుకునేవారు, మిషన్ సరిగా చేయలేదని.

ఆ పత్రం చూసిన గణితవేత్తల్లో చాలామంది, ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకుని ఉంటారు. అసలు మేరీ గురువు హార్డీయే, తన లెక్కలు ఎవరికీ ఏ పనికీ రావని గర్వంగా చెప్పుకున్న మనిషి! ఆయన శిష్యురాలు మాత్రం ఆ పత్రాన్ని పక్కన పడేయలేదు. తనకు ఎలక్ట్రికల్ విషయాలు కొత్త కాబట్టి, మొదటి యుద్ధంలో ఫిరంగి గుండ్ల దారులు లెక్కకట్టిన అనుభవం ఉన్న లిటిల్‌వుడ్‌కు చూపించారు. అలా మొదలైన జంటపని రెండో ప్రపంచ యుద్ధం పొడుగునా, ఆ తర్వాత కూడా సాగింది.

జోడు రోకళ్ళ లెక్క

వాళ్ళు పట్టుకున్నది వాన్ డర్ పోల్ అనే డచ్చి శాస్త్రవేత్త పేరున్న సమీకరణం. పేరు చూసి భయపడకండి. ఉయ్యాల్లో పిల్లాణ్ణి ఊపే తల్లిని ఊహించుకోండి. ఊపు తగ్గితే ఒక తోపు తోస్తుంది, మరీ ఎక్కువైతే పట్టి ఆపుతుంది. అలా తనంతట తానే ఒక లయను నిలబెట్టుకునే వలయం అది. రేడియోలోని వాల్వులు అలాగే పనిచేసేవి. గుండె కొట్టుకోవడం కూడా ఇలాంటిదేనని వాన్ డర్ పోల్ 1928లోనే రాశారు.

ఇప్పుడు దీనికి బయటి నుంచి మరో లయ తగిలించారనుకోండి. పెళ్ళిళ్ళలో పసుపు దంచేటప్పుడు ఒకే రోట్లో ఇద్దరు రోకళ్ళు వేస్తారు కదా! ఒకావిడ ఎవరి కోసమూ ఆగకుండా, గడియారంలా సమంగా వేస్తూ పోతున్నారు. రెండో ఆవిడది నెమ్మది చెయ్యి, కానీ ఆవిడకూ ఓ సొంత లయ ఉంది. కాసేపటికి ఏమవుతుంది? రెండో ఆవిడ సర్దుకుని, మొదటావిడ ఐదు దెబ్బలకు తానొకటి, లేదా ఏడు దెబ్బలకు తానొకటి వేయడానికి అలవాటు పడతారు. మొదట్లో కాస్త తడబడినా చివరికి ఏదో ఒక లెక్కలో కుదురుకుంటారని అందరి నమ్మకం.

వాన్ డర్ పోల్ 1927లో తన వలయానికి టెలిఫోను రిసీవరు తగిలించి విన్నారు. ఒక లెక్క నుంచి ఇంకో లెక్కకు మారే ముందు గరగరమని ఏదో తాళం లేని చప్పుడు వినిపించింది. దాన్ని రాసిపెట్టారు గానీ, అసలు విషయానికి అడ్డొచ్చే చిన్న సంగతిగానే చూశారు.

మేరీ, లిటిల్‌వుడ్ ఆ చిన్న సంగతి దగ్గరే ఆగిపోయారు. కాగితం, పెన్సిలు తప్ప వేరే సాధనం లేదు. కంప్యూటర్లు ఇంకా రాలేదు. ఏళ్ళ తరబడి చేసిన ఆ పని సారాన్ని 1945లో లండన్ గణిత సంఘం పత్రికలో చెప్పారు. పూర్తి వివరాలు లిటిల్‌వుడ్ 1957లో రాసిన పెద్ద వ్యాసాల్లో గానీ రాలేదంటే, ఆ లెక్క ఎంత జటిలమో ఊహించుకోండి.

వాళ్ళు కనుగొన్నదేమిటి? కొన్ని పరిస్థితుల్లో ఆ వలయం ఐదుకొకటి లయలోనూ కుదురుకోగలదు, ఏడుకొకటి లయలోనూ కుదురుకోగలదు. (ఐదూ, ఏడూ నేను ఉదాహరణకు చెప్పిన అంకెలు, అసలు లెక్కలో ఇలా పక్కపక్కనుండే బేసి సంఖ్యలే వస్తాయి.) ఏ లయలో పడుతుందన్నది ఎక్కడ మొదలుపెట్టామన్న దాన్నిబట్టి ఉంటుంది. సరే, ఇటు మొదలుపెడితే ఐదు, అటు మొదలుపెడితే ఏడు, మధ్యలో ఒక గీత గీస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు! ఆ గీత మామూలు గీత కాదు. చేరువకు వెళ్ళి చూసేకొద్దీ ముడతలో ముడత, మడతలో మడత. ఆ సరిహద్దు మీదే మొదలైన కదలికలు ఐదులోనూ ఇమడవు, ఏడులోనూ ఇమడవు. కొన్నయితే ఎంతకాలం గడిచినా తమను తాము తిరిగి చేయవు. అసలు నాణెం ఎగరేసి బొమ్మా బొరుసూ ఏ వరసలో పడినా సరే, ఆ వరసలోనే నడిచే కదలిక ఒకటి అక్కడ దొరుకుతుందని లెవిన్‌సన్ అనే అమెరికా గణితవేత్త, కొంచెం తేలిక చేసిన సమీకరణంతో 1949లో చూపించారు.

అంటే తప్పు మిషను చేసినవాళ్ళది కాదు. పాపం, తిట్లు మాత్రం వాళ్ళు తిన్నారు! చిన్నపాటి సమీకరణంలోనే ఆ పిచ్చి ఉంది. ఏ పరిధి దాకా యంత్రం బుద్ధిగా ఉంటుందో, ఎక్కడి నుంచి మాట వినదో తెలిస్తే ఇంజనీర్లకు అదే పెద్ద సాయం.

మడతకాజాలో పొరలు

మరి గందరగోళానికి రూపం ఎలా వస్తుంది? ప్రతి దెబ్బకూ ఒక ఫోటో తీశారనుకోండి. ఆ క్షణంలో వలయం ఏ స్థితిలో ఉందో కాగితం మీద ఒక చుక్క పెట్టండి. చుక్క ఎక్కడి నుంచి ఎక్కడికి దూకుతోందో చూడటమే పని. ఈ ఉపాయం ఫ్రాన్సుకు చెందిన పొయింకారేది. గ్రహాల కదలికలు లెక్కకడుతూ 1890 నాటికే ఆయన ఈ గందరగోళం అంచు చూశారు.

ఇప్పుడు తాపేశ్వరం మడతకాజా గుర్తుచేసుకోండి. పిండిని పలచగా సాగదీస్తారు, మడతపెడతారు, మళ్ళీ ఒత్తుతారు. పిండి మీద పక్కపక్కనే రెండు గసగసాలు అంటించామనుకోండి. సాగదీసినప్పుడు దూరమవుతాయి, మడతపెట్టినప్పుడు ఇంకెక్కడికో పోతాయి. ఇలాగే సాగదీతా, మడతా ఆపకుండా చేస్తూ పోతే, ఏ గింజ చివరికి ఏ పొరలో తేలుతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ కాజాని అడ్డంగా కోసి చూడండి, ఎంత అందమైన పొరలు! గింజ దారి తెలియదు, కాజా రూపం మాత్రం తెలుసు. కేయాస్ సరిగ్గా ఇదే. ఎక్కడ మొదలైనా చుక్కలన్నీ చివరికి ఒక హద్దు లోపలికే వచ్చి చేరతాయి. అక్కడ అవి వేసే పొరల బొమ్మ మారకుండా ఉంటే, ఎన్నటికీ ఒకే దారిలో తిరగకపోయినా ఆ బొమ్మను దాటి పోకపోతే, దాన్ని స్ట్రేంజ్ అట్రాక్టర్ అంటారు. మాటకు మాట చెబితే వింత ఆకర్షకం. ఆ పేరు 1971లో వచ్చింది. పేరు రాకముందే మేరీ ఆ దారిలో నడుస్తున్నారు.

సాగదీసినా, మడిచినా మారని ఆకార లక్షణాల్ని చదివే శాస్త్రం టోపాలజీ. మేరీ, లిటిల్‌వుడ్ 1951లో అందులో ఒక అందమైన సిద్ధాంతం నిరూపించారు. ఒక బల్లపరుపు తలం మీద ఎంత ముడతలుపడ్డ ఆకారమైనా తీసుకోండి. అది ఒకే ముక్కగా ఉండాలి, మధ్యలో చిల్లులుండకూడదు, అంతే. తలాన్ని చింపకుండా, బోర్లించకుండా సాగదీసి, ఆ ఆకారం మళ్ళీ సరిగ్గా తన చోటికే వచ్చేలా కదిలించారనుకోండి. అప్పుడు అందులో కనీసం ఒక్క చుక్క తన చోటు నుంచి కదలకుండా ఉండి తీరుతుందట! మన ఫోటోల భాషలో చెప్పాలంటే, కదలని చుక్క అంటే ప్రతి దెబ్బకూ తప్పకుండా తాళం వేసే కదలిక. అంత అల్లకల్లోలంలోనూ తాళం తప్పనిది ఒకటుంటుందని లెక్కే చెబుతోంది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది.

గుర్తించడానికి పట్టిన కాలం

ఇంత పెద్ద సంగతి బయటపడితే లోకం గగ్గోలెత్తిపోయిందనుకుంటున్నారా? అబ్బే! 1942లో మేరీ ప్రసంగం విన్న కుర్రాళ్ళలో ఫ్రీమన్ డైసన్ ఒకరు. తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయ్యారు. ఆ పని అందం చూసి మురిసిపోయాను గానీ దాని ప్రాముఖ్యం అప్పుడు తెలుసుకోలేకపోయానని ఆయనే తర్వాత రాసుకున్నారు.

1960 ప్రాంతంలో అమెరికా గణితవేత్త స్టీఫెన్ స్మేల్ బ్రెజిల్లోని రియోలో ఉన్నారు. ఇలాంటి చిక్కు కదలికలు సాధారణంగా ఉండవని ఆయన ఊహ. అప్పుడు లెవిన్‌సన్ ఉత్తరం రాసి, మేరీ వాళ్ళ పనీ, తన పనీ చూడమన్నారు. స్మేల్ దాన్ని అర్థం చేసుకునే ప్రయత్నంలో సాగదీసి, గుర్రపు నాడాలా వంచే ఒక తేలిక బొమ్మ కనిపెట్టారు. ఆ నాడా బొమ్మే ఇవాళ కేయాస్ పాఠాల్లో కనిపిస్తుంది. 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ గాలి కదలికలకు మూడే మూడు సమీకరణాలు రాసి, కంప్యూటరుతో సీతాకోకచిలుక రెక్కల్లాంటి ఆకర్షకాన్ని చూశారు. అప్పుడు గానీ లోకం మెల్లగా ఇటు తిరగలేదు.

మేరీ మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా తన పని తాను చేసుకుపోయారు. 1947లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. గణితవేత్తల్లో ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆవిడే. 1949 నుంచి 1968 దాకా గర్టన్ కాలేజీకి అధిపతి. కాలేజీ పాలన, కమిటీలు, ఆడపిల్లల బాగోగులు, అన్నీ నెత్తిన వేసుకుంటూనే లెక్కలు వదల్లేదు. 1961లో లండన్ గణిత సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1964లో రాయల్ సొసైటీ వారి సిల్వెస్టర్ పతకం అందుకున్న తొలి మహిళ. 1969లో డేమ్ బిరుదు వచ్చింది. ఇన్ని ‘తొలి’లు ఉన్నా, కేంబ్రిడ్జిలో ఆవిడ రీడరు దాకానే వెళ్ళారు, ప్రొఫెసర్ కుర్చీ దక్కలేదు. పెళ్ళి చేసుకోలేదు.

1998 ఏప్రిల్ 3న కేంబ్రిడ్జిలో, తొంభై ఏడేళ్ళ వయసులో మేరీ కన్నుమూశారు. తన సంస్మరణ సభలో ఎవరూ తనను పొగుడుతూ మాట్లాడకూడదని ముందే గట్టిగా చెప్పి వెళ్ళారట. అందుకే నేనూ పొగడ్తల జోలికి పోకుండా ఆపేస్తున్నాను. ఒక్కటి మాత్రం మీ ఇంట్లో లెక్కలు చదివే అమ్మాయి ఉంటే చెప్పండి. సెకండ్ క్లాసు వచ్చిందని దిగులుపడి లెక్కలు వదిలేద్దామనుకున్న ఒకమ్మాయి ఉండేది. అందరూ పనికిరాని చప్పుడని పక్కన పెట్టినదాన్ని ఆ అమ్మాయే పెద్దయ్యాక ఏళ్ళ తరబడి కూర్చుని విన్నది, దానిలో రూపం ఉందని తేల్చింది.